మే నెల ఎండల్లో గుర్రపు స్వారీ ఆపేయాలా?

ప్రశ్న: హైదరాబాద్ శివార్లలో ఆరు నెలలుగా స్వారీ నేర్చుకుంటున్నాను. ఎండాకాలం మానేయమని ఇంట్లో వాళ్లంటారు, మానేస్తే నేర్చుకున్నదంతా పోతుందని క్లబ్బులో అంటారు. ఎవరి మాట వినాలి?

మానక్కర్లేదు. టైము మార్చుకోండి, పని తగ్గించండి. ఈ రెండు ముక్కలూ ఎవరైనా చెబుతారు. చాలామంది చెప్పనిది ఒకటుంది: తెలంగాణ, రాయలసీమ పొడి ఎండలో గుర్రానికి పట్టే చెమట కంటికి కనబడదు. సగం తప్పులు అక్కడే మొదలవుతాయి.

మే నెలలో పొద్దున ఏ ఎనిమిదింటికో రైడింగ్ స్కూల్లో నిలబడి చూడండి. గుర్రం ముప్పావుగంట పనిచేసి వస్తుంది, జీను దించుతారు. నమ్దా (జీను కింద వేసే మెత్త) ఆనిన చోట తడి ఉంటుంది, పొట్ట కింద తంగు (జీనును బిగించే పట్టీ) దగ్గర కాస్త నురగ ఉంటుంది. మెడ, భుజాలు, పిర్రలు మాత్రం పొడిగా మెరుస్తుంటాయి. ‘పెద్దగా చెమట పట్టలేదు సార్’ అంటాడు గుర్రాన్ని చూసుకునే సైసు, తీసుకెళ్లి కట్టేస్తాడు. అప్పుడు వెళ్లి మెడ మీద వెంట్రుకలకు ఎదురు అరచేత్తో రుద్దండి. చేతికి సన్నటి తెల్లపొడి అంటుతుంది. అది ఉప్పు. లీటర్లకొద్దీ చెమట పట్టింది, పట్టింది పట్టినట్టే గాలి తాగేసింది. నమ్దా కింద గాలి ఆడదు కాబట్టి అక్కడొక్కచోటే సాక్ష్యం మిగిలింది.

గట్టి పనిలో, వేడిలో గుర్రం గంటకు 10 నుంచి 15 లీటర్ల దాకా చెమటోడ్చగలదు. కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో ఐదో వంతో నాలుగో వంతో కదలికకు పోతుంది, మిగతాదంతా వేడే. 450 కిలోల ఒంటికి, బరువుతో పోల్చి చూస్తే, చర్మం మనకున్నంత లేదు. అందుకే మనకంటే చాలా తొందరగా వేడెక్కుతుంది. మన చెమట రక్తం కంటే పలచన, దానిది చిక్కన. లీటరు చెమటతో సుమారు 10 గ్రాముల లవణాలు పోతాయి. ఇక్కడో చిక్కుంది. మనకు చెమటపడితే రక్తంలో ఉప్పు చిక్కబడి దాహం వేస్తుంది. గుర్రానికి నీళ్లూ ఉప్పూ కలిసి పోతాయి, రక్తం పెద్దగా చిక్కబడదు, దాహం గంట మోగదు. ఒంట్లో పది లీటర్లు తక్కువున్నా బకెట్టు వాసన చూసి మూతి తిప్పేసుకుంటుంది. ‘తాగనంటోంది, దానికి అవసరం లేదేమో’ అనుకుంటే దెబ్బతిన్నట్టే.

కాబట్టి ఎండాకాలంలో గుర్రం ఒంటిని కాదు, బకెట్టును చూడాలి. నీళ్లు తొట్టిలో పోసి వదిలేస్తే ఎంత తాగిందో దేవుడికే తెలియాలి. 20 లీటర్ల బకెట్లు రెండు పెట్టి, లోపల 5 లీటర్లకో గీత గీయండి. పనిలేని గుర్రం చల్లని రోజుల్లో 25 నుంచి 40 లీటర్లు తాగుతుంది; మేలో పనిచేసేదైతే 50, 60 దాటాలి. నిన్నటికంటే ఇవాళ 15 లీటర్లు తగ్గిందంటే ఆ రోజు స్వారీ వద్దు, ముందు పేడ చూడండి. ఉండలు చిన్నగా, గట్టిగా, పైన జిగురుపొరతో ఉంటే పేగులో మేత ఎండి గట్టిపడుతోందని అర్థం. శూల (కడుపునొప్పి) మొదలవడానికి ముందు కనిపించే గుర్తు అదే. ఇంకో మాట, నల్ల ప్లాస్టిక్ ట్యాంకులో మధ్యాహ్నం కాగిన నీళ్లను ఏ గుర్రమూ ఇష్టంగా తాగదు. పైపులో మొదట వచ్చే వేడినీళ్లు వదిలేసి పట్టండి, నీడలో పెట్టండి. తాగుతున్నప్పుడు చెవులు గమనించండి, ఒక్కో గుక్కకు ఒక్కసారి వెనక్కి ఊగుతాయి. మూతి ముంచి ఆడుకుంటోందో నిజంగా మింగుతోందో అలా తెలుస్తుంది.

స్వారీ అయిన వెంటనే మొదటి బకెట్టు ఉప్పునీళ్లివ్వండి: 10 లీటర్లకు 90 గ్రాముల మామూలు ఉప్పు. రక్తంలోని ఉప్పు పాళ్లకు ఇది దగ్గరగా ఉంటుంది, దాహం చల్లారిపోకుండా నిలబెడుతుంది. పది నిమిషాలాగి మంచినీళ్లు పెడితే మొత్తం మీద ఎక్కువ తాగుతుంది. అలవాటు లేని గుర్రం మొదటి రెండు మూడు రోజులు మూతి ముడుచుకోవచ్చు. పక్కనే మంచినీళ్లు ఎప్పుడూ ఉండాలి, ఉప్పునీళ్లు ఒక్కటే పెట్టి బలవంతం చేయకూడదు. ఇది కాక దాణాలో రోజుకు 30 గ్రాముల ఉప్పు, పనిచేసిన రోజు 50, 60 గ్రాములు, తడిపిన తవుడులో కలిపి పెట్టాలి. పొడి ఉప్పు దాణా మీద చల్లితే ఊదేసి పక్కకు నెట్టేస్తుంది. గ్లూకోజు ప్యాకెట్లు కలిపి తాగించేవాళ్లను చూస్తే జాలేస్తుంది. పోయింది ఉప్పు, ఇచ్చేది చక్కెర.

ఇక టైము సంగతి. ఒక లెక్క అందరూ తిప్పుతుంటారు: ఫారెన్‌హీట్ ఉష్ణోగ్రతకు తేమ శాతం కలపాలి, 130 లోపుంటే నిశ్చింత, 150 దాటితే జాగ్రత్త, 180 దాటితే వద్దు. విశాఖ, కాకినాడ లాంటి ఉక్క ఊళ్లలో ఇది పనికొస్తుంది. 35 డిగ్రీల సెల్సియస్, 75 శాతం తేమ అంటే 170, నిజంగానే కష్టం. అదే లెక్క మన దగ్గర వేసి చూడండి. పొద్దున ఐదున్నరకు 27 డిగ్రీలు, 55 శాతం తేమ, మొత్తం 136. మధ్యాహ్నం మూడింటికి 42 డిగ్రీలు, 15 శాతం, మొత్తం 123. అంటే తెల్లవారుజాము కంటే మిట్టమధ్యాహ్నమే మేలని తేలుతుంది! 42 డిగ్రీల గాలి చర్మం కంటే వేడిగా ఉంటుంది. గుర్రం దాంట్లోకి వేడిని వదలడం అటుంచి, అదే ఒంట్లోకి ఎక్కుతుంది. నెత్తిన ఎండ, కింద ఇసుక సెగ ఆ లెక్కలో లేనే లేవు. పొడి ఎండల ఊళ్లో ఆ లెక్క పట్టుకుని స్వారీకి బయల్దేరకండి.

నా మాటగా చెబితే, జీను ఐదింటికల్లా పడాలి, ఆరున్నరకల్లా దిగాలి. సాయంత్రం ఆరింటికి ఎండ తగ్గినట్టనిపిస్తుంది గానీ నేల రోజంతా తాగిన వేడిని అప్పుడే కక్కుతుంటుంది. అనుమానముంటే రింగులో ఇసుక మీద అరచెయ్యి ఆనించి పది సెకన్లు ఉంచండి. ఉంచలేకపోతే గుర్రాన్ని దించకండి.

వారానికి నాలుగు రోజులు చాలు. పది నిమిషాలు నడక. ఐదు నిమిషాలు ట్రాట్ (నడకకంటే వేగంగా, చిన్న పరుగు), మూడు నిమిషాలు నడక, ఇది రెండుసార్లు. రెండు నిమిషాల కాంటర్ (ట్రాట్ కంటే వేగం, పూర్తి దౌడు కంటే తక్కువ) రెండుసార్లు, మధ్యలో మూడు నిమిషాల నడక. చివర పది నిమిషాలు పగ్గాలు వదులుగా వదిలి నడిపించండి. మొత్తం 43 నిమిషాలు. ఒక నెల ఇలా తగ్గించినంత మాత్రాన గుర్రం దమ్ము పడిపోదు, మీ సీటు, అంటే జీను మీద కుదురుగా కూర్చునే తీరు, అంతకన్నా పోదు. మిగతా రోజుల్లో నేల మీద కర్రలు పరిచి నడకలో దాటించడం, రికాబులు (జీనుకు వేలాడే, పాదాలు పెట్టుకునే కడియాలు) లేకుండా నడకలో కూర్చోవడం చేయండి. నిజానికి ఆరు నెలల శిక్షణలో ఉన్నవాళ్లకు కావలసింది అదే, కాంటర్ మోజులో ఎవరూ చేయరు.

దిగాక అసలు పని మొదలవుతుంది. రెక్టల్ థర్మామీటరుకు (మలద్వారంలో పెట్టేది) దారం కట్టి, దారం చివర క్లిప్పు తోక వెంట్రుకలకు తగిలించండి, లేదంటే లోపలికి జారిపోతుంది. వెనక కాకుండా పక్కన నిలబడండి. మామూలు వేడి 37.2 నుంచి 38.3 డిగ్రీలు. పని తర్వాత 39.5 దాకా రావచ్చు. 40 దాటితే చల్లబరచడం ఆపకూడదు, 41 దగ్గరికొస్తే డాక్టర్‌కు ఫోన్ చేస్తూనే నీళ్లు పోయాలి. ఆగిన తర్వాత కూడా కొన్ని నిమిషాలు వేడి పెరగొచ్చు కాబట్టి ఒక్కసారి చూసి వదిలేయకండి. నాడి దవడ ఎముక లోపలి అంచున దొరుకుతుంది, 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. విశ్రాంతిలో 28 నుంచి 44 ఉంటుంది. పని ఆగిన 15 నిమిషాలకు 64 కిందికి దిగకపోతే ఆ రోజు మీరు ఎక్కువ చేయించినట్టే. శ్వాస నాడి కంటే వేగంగా ఉంటే లోపల వేడి ఇంకా దిగలేదన్నమాట.

‘వేడెక్కిన గుర్రం మీద చన్నీళ్లు పోస్తే పట్టేస్తుంది’ అనే మాట ఇంకా ఎంతకాలం వినాలో! 1996 అట్లాంటా ఒలింపిక్స్ కోసం జరిగిన పరిశోధనల్లోనే అది తేలిపోయింది. వేడెక్కిన గుర్రాలను చన్నీళ్లతోనే చల్లబరిచారు, కండరాలేమీ పట్టేయలేదు. మెడ, రొమ్ము, పొట్ట పక్కలు, వెనక కాళ్ల మధ్య, ఒళ్లంతా పోయండి. నీళ్లు బాగా ఉంటే ఆగకుండా పోయడమే. ట్యాంకరు కొనుక్కునే చోట స్పాంజితో పలచగా తడిపి గాలికి నిలబెట్టండి, మన పొడిగాలిలో అది ఆరుతూనే చల్లబరుస్తుంది, ఆరగానే మళ్లీ తడపాలి. తడి తువ్వాలు కప్పి వదిలేయడం మాత్రం వద్దు. అది ఐదు నిమిషాల్లో వేడెక్కి గాలిని అడ్డుకుంటుంది. రేకుల షెడ్డయితే పైన తాటాకు పరిచి, గాలి వచ్చే వైపు తడిపిన గోనెపట్టాలో వట్టివేళ్ల తడికెలో కట్టండి. ఎదురువైపు గాలి పోయే దారి లేకపోతే కూలర్ పెట్టినా ఉక్కే.

దాణా విషయంలో జరిగే తప్పు ఇంకోటి. పని సగానికి తగ్గిస్తారు, దాణా మాత్రం అంతే పోస్తారు. పనిలేని గుర్రానికి గుగ్గిళ్లు దండగని పెద్దలన్నది డబ్బు లెక్కలో కావచ్చు, ఇక్కడ ఆరోగ్యానికే చేటు. రెండు రోజులు నిండుగా తిని నిలబడి మూడో రోజు పనిలోకి దిగితే వెనక కండరాలు బిగుసుకుపోతాయి, మూత్రం కాఫీ రంగులోకి మారుతుంది. సెలవు రోజు దాణా సగం చేసి, గడ్డి పెంచండి. ఉడికించిన ఉలవలు మేలో మధ్యాహ్నానికే పులుస్తాయి, ఏ పూటకాపూట వండాలి. పచ్చి జొన్న చౌకగా దొరుకుతుందని వేయకండి. లేత జొన్నలో విషం చేరుతుంది, పైగా గుర్రాలకు మూత్రాశయం, వెనక కాళ్లు దెబ్బతినే ప్రమాదముంది. గరిక, లూసర్న్ గడ్డి మేలు. ఎండుగడ్డిని నీళ్లలో ముంచి పెడితే దుమ్మూ తగ్గుతుంది, కడుపులోకి నీళ్లూ వెళ్తాయి.

నమ్దా రోజూ ఉతకాలి. ఎండిన చెమట ఉప్పు గరుకు కాగితంలా చర్మాన్ని కోస్తుంది, తంగు కింద పుండ్లు పడేది దీనివల్లే. అదే ఉప్పు తోలును కూడా తింటుంది, కళ్లేనికి పగ్గం కలిసే మడత దగ్గర వంచి చూస్తే పగుళ్లు కనిపిస్తాయి. గిట్టలు ఎండి మేకుల చుట్టూ పగులుతున్నాయని రోజూ బురదలో నిలబెట్టేవాళ్లున్నారు. తడవడం, ఎండడం, మళ్లీ తడవడం వల్లే గిట్ట ఇంకా పెళుసవుతుంది. లాడాలు ఐదు వారాలకు మార్పించండి, గిట్ట పైగోడను ఆకురాయితో గీకి నున్నగా చేయనివ్వకండి.

మీరు అడగకపోయినా ఇదొకటి చెప్పాలి. లాగుడు, బరువు మోసే జంతువుల కోసం 1965లో చేసిన నిబంధనల్లో, 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు పని చేయించకూడదని ఉంది. అయినా మే ముహూర్తాల్లో మిట్టమధ్యాహ్నం తారురోడ్డు మీద, వెల్వెట్ ఝూలు కప్పి, చెవి పక్కన డీజే పెట్టి పెళ్లికొడుకును ఊరేగిస్తూనే ఉంటారు. స్వారీ నేర్చుకున్నవాళ్లైనా మీ ఇంటి పెళ్లిలో వద్దనండి.

మీ సంగతి కొంచెం: ఎక్కే ముందు అర లీటరు నీళ్లు, దిగాక ఉప్పేసిన మజ్జిగ, ఒంటికి పొడుగు చేతుల నూలు చొక్కా. ఉక్కగా ఉందని హెల్మెట్ తీయకండి. తల దిమ్ముగా అనిపించినా, వణుకొచ్చినా వెంటనే దిగి నీడకు వెళ్లండి. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో పూర్తిగా మానేసినా నష్టం లేదు.

తొలకరి పడ్డ వారం మాత్రం ఏమరకండి. మృగశిర వచ్చింది, చల్లబడిందని మర్నాడే గంటసేపు కాంటర్ కొట్టిస్తారు. ఉష్ణోగ్రత పడుతుంది నిజమే, తేమ ఒక్కసారిగా లేస్తుంది, చెమట ఆరదు. పొడి ఎండకు అలవాటుపడ్డ ఒంటికి ఇది కొత్త వాతావరణం, కుదురుకోవడానికి రెండు వారాలు పడుతుంది. ఆ రెండు వారాలూ మే నెల 43 నిమిషాలే నడిపించండి, థర్మామీటరు రోజూ పెట్టండి. ఇప్పుడు చెమట కళ్లకు కట్టినట్టు కారుతుంది, దాన్ని చూసి కంగారుపడి గుర్రాన్ని లోపల కట్టేయకండి. గాలి తగిలేలా బయటే నిలబెట్టి, నీళ్లు పోయడం మాత్రం ఇంతకుముందు కంటే ఎక్కువసేపు పోయండి.