పాత లైబ్రరీకి ఎస్‌ఈలినక్స్ అనుమతి నిరాకరణ

ప్రశ్న: ఎస్‌ఈలినక్స్ (లినక్స్‌లో ఏ ప్రోగ్రాము ఏం చేయవచ్చో నియంత్రించే భద్రతా వ్యవస్థ) అమలులో ఉన్న మా సర్వరులో వెబ్ సేవ ఒక పాత 32 బిట్ల లైబ్రరీని (ప్రోగ్రాములు వాడుకునే కోడ్ ఫైలును) తెరవబోయినప్పుడు, ‘రీలొకేషన్ తరవాత సెగ్మెంటు రక్షణను పునరుద్ధరించలేకపోయాం, అనుమతి లేదు’ అనే అర్థం వచ్చే సందేశంతో ఆగిపోతోంది. పర్మిసివ్ స్థితిలో పెడితే నడుస్తోంది. అలాగే ఉంచవచ్చునా?

జవాబు: ఉంచకండి. పర్మిసివ్ స్థితిలో నిరాకరణలు లాగ్‌లో నమోదవుతాయే తప్ప అమలు కావు. ఒక్క లైబ్రరీ కోసం సర్వరులోని సేవలన్నింటికీ కాపలా తీసేసినట్లవుతుంది.

ముందుగా ఆడిట్ లాగ్‌లో ఏవీసీ నిరాకరణను (ఎస్‌ఈలినక్స్ అనుమతి ఇవ్వలేదనే నమోదును) ‘ఏయూసెర్చ్’ ఆదేశంతో వెదికి చూడండి. మీరు చెప్పిన సందేశాన్ని బట్టి అక్కడ ‘ఎగ్జెక్‌మాడ్’ (దిద్దిన కోడ్ పేజీలను అమలు చేయడం) అనే అనుమతి పేరు కనిపించాలి. లైబ్రరీని స్థాన స్వతంత్ర కోడ్‌గా (మెమరీలో ఎక్కడ పెట్టినా నడిచేలా) కంపైల్ చేయనప్పుడు, డైనమిక్ లింకర్ దానిని మెమరీలోకి తెచ్చాక కోడ్ పేజీలలోనే చిరునామాలను దిద్దవలసి వస్తుంది; రీలొకేషన్ అంటే ఇదే. అందుకోసం ఆ పేజీలను రాయదగినవిగా మార్చి, దిద్ది, మళ్లీ అమలు చేయదగినవిగా మార్చబోయే క్షణంలో కెర్నల్ అడ్డుపడుతుంది. నడుస్తున్న ప్రోగ్రాములోకి తన కోడ్‌ను చొప్పించే దాడిదారు కూడా ఇదే పని చేస్తాడు కనుక, ఈ రెండింటినీ వేరుచేసి చూడటం కెర్నల్‌కు సాధ్యం కాదు.

‘రీడెల్ఫ్’ ఆదేశంతో లైబ్రరీ డైనమిక్ విభాగాన్ని పరిశీలించినప్పుడు ‘టెక్స్ట్‌రెల్’ (కోడ్ పేజీలను దిద్దాలని చెప్పే గుర్తు) కనిపిస్తే దోషం నిర్ధారణ అయినట్లే. మూలకోడ్ మీ దగ్గర ఉంటే ‘ఎఫ్‌పిక్’ ఐచ్ఛికంతో తిరిగి కంపైల్ చేయడమే అసలైన మందు. అప్పటికీ టెక్స్ట్‌రెల్ పోకపోతే, చేత్తో రాసిన అసెంబ్లీ భాగాలను అనుమానించండి.

మూలకోడ్ లేనప్పుడు ఆ ఒక్క ఫైలుకే ‘టెక్స్ట్‌రెల్_ఎస్‌హెచ్‌లిబ్_టి’ లేబులును (అనుమతులు నిర్ణయించడానికి ఎస్‌ఈలినక్స్ చూసే గుర్తును) ‘సెమానేజ్ ఎఫ్‌కాంటెక్స్ట్’తో నమోదు చేసి, దానిని ఫైలుకు వర్తింపజేయడానికి ‘రిస్టోర్‌కాన్’ నడపండి. ఇలా నమోదు చేయకుండా నేరుగా ‘సీహెచ్‌కాన్’తో పెట్టిన లేబులు ఫైలు వ్యవస్థను తిరిగి లేబుల్ చేసినప్పుడు చెరిగిపోతుంది. లాగ్‌లోని నిరాకరణల నుంచి ‘ఆడిట్‌టూఅలౌ’ తయారుచేసి ఇచ్చే అనుమతి నియమాన్ని చదవకుండా చేర్చడం మరీ ప్రమాదం: లైబ్రరీకి మామూలు ‘లిబ్_టి’ లేబులు ఉంటే, ఆ నియమం అదే లేబులున్న లైబ్రరీలన్నింటికీ వర్తిస్తుంది.

లాగ్‌లో ‘ఎగ్జెక్‌మెమ్’ (రాయదగిన మెమరీలోని కోడ్‌ను అమలు చేసే అనుమతి) కనిపిస్తే సంగతి వేరు. జావా వంటివి నడుస్తూనే యంత్రకోడ్‌ను తయారుచేసుకుంటాయి కనుక వాటికి ఆ అనుమతి న్యాయంగానే అవసరం కావచ్చు. ‘ఎగ్జెక్‌హీప్’ (ప్రోగ్రాము డేటా ఉంచుకునే హీప్ మెమరీని అమలు చేసే అనుమతి) కనిపిస్తే మాత్రం అనుమతి ఇవ్వకుండా, ఆ ప్రోగ్రాము తయారీదారుకు దోషంగా నివేదించండి.