డచ్చి పూర్వీకులు: ముందు ఊరు, తర్వాతే ఓడ

ప్రశ్న: మా అల్లుడిది మిషిగన్‌లో స్థిరపడ్డ డచ్చి కుటుంబం. వాళ్ల పూర్వీకుడు 1872లో నెదర్లాండ్స్ నుంచి వచ్చాడంటారు. అమెరికా జనాభా లెక్కల్లో పుట్టిన చోటు ‘హాలండ్’ అని ఉంది, అంతే. ఓడ ప్రయాణికుల జాబితాలు ఎన్ని తిరగేసినా లాభం లేదు. ఇంకెక్కడ చూడాలి?

జవాబు: ఓడ సంగతి ప్రస్తుతానికి వదిలేయండి. న్యూయార్క్‌లో దిగినవాళ్ల జాబితాలు ఉన్నాయి గానీ, ఆ కాలపువాటిలో పేరు, వయసు, వృత్తి, దేశం తప్ప ఊరు సాధారణంగా ఉండదు. ‘యాన్ డి వ్రీస్, రైతు, 25’ అని దొరికినా ఏ యానో ఎలా తేలుతుంది? ఓడ బయల్దేరే రోటర్‌డామ్ రేవు వైపు చూద్దామంటే, హాలండ్-అమెరికా లైన్ అనే ఓడల కంపెనీ జాబితాలు 1900 నుంచే మిగిలాయి.

మీరు తేల్చుకోవాల్సింది మున్సిపాలిటీ. డచ్చి రికార్డులన్నీ ఆ లెక్కనే ఉంటాయి. అమెరికా గుమాస్తాలు దేశం మొత్తాన్నీ హాలండ్ అనేశారు, నిజానికి అది రెండు ప్రావిన్సుల పేరే. 1847లో వాన్ రాల్టె అనే డచ్చి పాస్టర్ బృందం మిషిగన్‌లో హాలండ్ పట్టణం కట్టాక, వచ్చినవాళ్లు దాని చుట్టూ తమ ప్రాంతం వాళ్లతో కలిసి జీలండ్, డ్రెంత్, ఓవరైసెల్ లాంటి ఊళ్లు వేసుకున్నారు. తొలి కాపురం ఎక్కడో తెలిస్తే ప్రావిన్సు ఆచూకీ కొంత అందుతుంది. అక్కడిదే గ్రాఫ్‌స్కాప్ అనే ఊరు అయితే మాత్రం జాగ్రత్త, అక్కడ చాలామంది జర్మనీ వైపున్న బెంట్‌హైమ్ నుంచి వచ్చినవాళ్లు.

ఊరి పేరు దొరికే అవకాశం ఎక్కువగా ఉన్నది చర్చి సభ్యత్వ రిజిస్టర్లలో. పాత చర్చి నుంచి తెచ్చిన యోగ్యతా పత్రం వివరం అందులో ఎక్కించేవారు. సమాధి రాయి, డచ్చి పత్రికల్లో మరణ వార్త కూడా చూడండి. ఆయనది దొరక్కపోతే అన్నదమ్ములది, అక్కచెల్లెళ్లది వెతకండి. 1906కి ముందు పౌరసత్వ కాగితాల మీద ఆశ పెట్టుకోవద్దు, వాటిలో ఎక్కువగా దేశం పేరే ఉంటుంది. ఇంకో దారి, నెదర్లాండ్స్‌లో మేయర్లు పై అధికారులకు పంపిన వలసదారుల జాబితాలు. వాటినుంచి చరిత్రకారుడు రాబర్ట్ స్వీరెంగా 1835–1880 కాలానికి పట్టిక కూర్చారు. వృత్తి, మతశాఖ, ఆర్థిక స్థితి కూడా అందులో ఉన్నాయి. చెప్పకుండా వెళ్లిపోయినవాళ్లు మాత్రం అందులో ఉండరు. అప్పులు, సైన్యంలో నిర్బంధ సేవ తప్పించుకోవడానికి అలా వెళ్లినవాళ్లు తక్కువేం కాదు.

ఊరు తెలిశాక పని సులువు. 1850 నుంచి ఉన్న జనాభా రిజిస్టరులో ఇంటింటి మనుషులు, ఎప్పుడు ఎక్కడికి వెళ్లారన్నది ఉంటాయి. ఆయన పెళ్లి చేసుకునే బయల్దేరి ఉంటే పెళ్లి నమోదుకు జతచేసిన కాగితాలు అడిగి తీసుకోండి. జనన పత్రాల నకళ్లతోపాటు సైనిక సేవ ధ్రువపత్రం ఉంటుంది. కొన్నిటిలో ఎత్తు, నుదురు, ముక్కు, కళ్ల రంగు కూడా రాసి ఉంటాయి. ఫొటో లేని మనిషికి అంతకంటే ఏం కావాలి!

ప్రశ్న: డచ్చి రికార్డులు వెతికే ‘వీ వాస్ వీ’ వెబ్‌సైట్‌లో మా వాళ్ల ఇంటిపేరు కొడితే ఏమీ రావడం లేదు.

జవాబు: అమెరికా స్పెల్లింగ్ కొట్టి ఉంటారు. అక్కడి ‘డైక్‌స్ట్రా’లో ‘వై’ ఉన్నచోట డచ్చిలో ‘ఐ, జె’ అనే రెండక్షరాలు. అచ్చయిన పేర్ల సూచికల్లో ‘వాన్ డెన్ బెర్గ్’ కోసం ‘వి’ కింద కాదు, ‘బి’ కింద చూడాలి. హెన్రీ అక్కడ హెండ్రిక్. ఆడవాళ్లను పుట్టింటి పేరుతోనే వెతకాలి, పెళ్లయినా డచ్చి రికార్డుల్లో అది మారదు. భార్యాభర్తల పేర్లు రెండూ కలిపి కొడితే ఒకే పేరున్న వాళ్ల గుంపు చాలావరకు విడిపోతుంది.

ప్రశ్న: 1950లలో ఆస్ట్రేలియా వెళ్లినవాళ్ల సంగతి?

జవాబు: నెదర్లాండ్స్‌లో జనన నమోదులు 100 ఏళ్లకు, పెళ్లివి 75కి, మరణానివి 50కి గానీ బయటపెట్టరు. కాబట్టి దిగిన దేశంలోనే మొదలుపెట్టండి. ఆస్ట్రేలియా నేషనల్ ఆర్కైవ్స్‌లో పేరుతో వెతకడానికి డబ్బు కట్టక్కర్లేదు. హేగ్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో వలస కార్డులున్నాయి. ఇంట్లో ఎవరికైనా ఓడ పేరు గుర్తుందేమో అడగండి. ఆ రోజుల్లో వలసదారులను మోసినవాటిలో ఖ్రోటె బేర్, వాటర్‌మన్, జౌడర్‌క్రౌస్ ముఖ్యమైనవి.