బోర్లా పడుకోబెడితేనే బాబు నిద్రపోతున్నాడు, ఏం చేయాలి?

ప్రశ్న: మా బాబుకు ఏడు వారాలు. వెల్లకిలా పడుకోబెడితే గంటన్నర తిరగకుండానే లేచి ఏడుస్తాడు, బోర్లా వేస్తే మూడు గంటలు కదలడు. తన పిల్లలందరినీ అలాగే పెంచానని, వెల్లకిలా ఉంటే కక్కిన పాలు గొంతుకు అడ్డుపడతాయని మా అత్తగారు అంటారు. ఉదయమే ఉద్యోగానికి వెళ్లాలని మావారు వేరే గదిలో పడుకుంటున్నారు. మొన్న రాత్రి సోఫాలో పాలిస్తూ నిద్రలోకి జారుకున్నాను. మెలకువ వచ్చేసరికి బాబు నా చేతికీ దిండుకూ మధ్య ఇరుక్కుని ఉన్నాడు. అప్పటినుంచి బాబు పడుకున్నా నాకు కంటిమీదికి కునుకు రావడం లేదు.

జవాబు: అమ్మా, బాబును నిద్రకు బోర్లా వేయకండి, ఒక్క పూట కూడా. అలా పడుకుంటే ఎక్కువసేపు నిద్రపోతాడన్న మాట అబద్ధం కాదు, కానీ ప్రమాదం ఉన్నది సరిగ్గా అక్కడే. ముక్కు పరుపుకు ఆనుకొని, తాను వదిలిన గాలినే మళ్లీ పీల్చవలసి వచ్చినప్పుడు ఉలిక్కిపడి లేవడం, తల తిప్పుకోవడం పసిబిడ్డకు ప్రకృతి ఇచ్చిన రక్షణ కాగా, బోర్లా పడుకున్నప్పటి గాఢనిద్ర ఆ రక్షణనే మొద్దుబారుస్తుంది. మిమ్మల్ని ఇంతగా విసిగిస్తున్న ఆ తేలికపాటి మెలకువే బాబుకు కాపలా.

కారణం తెలియకుండా శిశువులు నిద్రలోనే మరణించే సంఘటనలు చాలావరకు ఆరు నెలల లోపే, అందులోనూ రెండు నుంచి నాలుగు నెలల మధ్య ఎక్కువగా జరుగుతాయి. మీ బాబు ఆ వయసుకు చేరువలో ఉన్నాడు. బ్రిటన్‌లో 1991లో, అమెరికాలో 1994లో బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టమని ప్రచారం మొదలయ్యాక అక్కడ ఆ మరణాలు సగానికి పైగా తగ్గాయి. అంతకు ముందు చాలాచోట్ల వైద్యులే బోర్లా వేయమని చెప్పేవారు కాబట్టి, మీ అత్తగారు ఆనాడు చేసింది తప్పని వాదించవలసిన అవసరం మీకు లేదు. ఇక పాలు అడ్డుపడతాయన్న భయానికి జవాబు శరీర నిర్మాణంలోనే ఉంది. వెల్లకిలా ఉన్నప్పుడు శ్వాసనాళం పైన, అన్నవాహిక దాని కింద ఉంటాయి గనుక పైకి వచ్చిన పాలు శ్వాసనాళంలోకి సులువుగా ఎక్కలేవు. బోర్లా ఉన్నప్పుడు ఆ అమరిక తలకిందులవుతుంది. ఈ సంగతి ఆవిడకు చెప్పవలసింది మీరు కాదు, ఆవిడ కొడుకు.

బాబు పడక సమతలంగా, గట్టిగా ఉండి, బిగుతుగా పరిచిన దుప్పటి తప్ప దిండూ బొమ్మా కప్పుకునే బొంతా ఏవీ లేకుండా, కనీసం ఆరు నెలలు మీ మంచం పక్కనే విడిగా ఉండాలి. ఉక్క పోయకుండా చూడండి. చేతులూ పాదాలూ చల్లగా ఉండటం మామూలే కాబట్టి వేడిని మెడ వెనుక తాకి తెలుసుకోవాలి. పొత్తిళ్లలో చుట్టే అలవాటుంటే, పక్కకు దొర్లే ప్రయత్నం కనబడిన రోజే మానేయండి.

సోఫా మాత్రం రాత్రిపూట మీకు నిషిద్ధం. పెద్దల మంచం కూడా బిడ్డ నిద్రకు తగిన చోటు కాదు గాని, పాలిస్తూ కళ్లు మూతపడతాయని అనిపించే రాత్రి, దిండ్లూ దుప్పట్లూ తీసేసిన మంచం సోఫా కంటే ఎంతో నయం. మెలకువ వచ్చిన వెంటనే బాబును తన పడకలోకి మార్చండి.

ఏడు వారాల బిడ్డ రోజుకు సుమారు 14 నుంచి 17 గంటలు నిద్రపోతాడు, అయితే ముక్కలు ముక్కలుగా. రాత్రికీ పగటికీ తేడా తెలియడం రెండు మూడు నెలలకు గాని మొదలుకాదు. అందుకే పగలు వెలుతురులో కబుర్లు చెబుతూ, రాత్రి మసక దీపంలో మాట లేకుండా పాలివ్వండి. నిద్రలో సగం సేపు మూలుగులూ కాళ్లు కొట్టుకోవడమూ ఉంటాయి కాబట్టి అలికిడి కాగానే ఎత్తుకోకుండా ఒక నిమిషం ఆగి చూడండి, తనంత తానే సర్దుకోవచ్చు. ఏడ్చి ఏడ్చి అదే అలవాటవుతుందని వదిలేసే పద్ధతులకు ఇది వయసు కాదు.

నా దృష్టిలో మీ ఇంట్లో ముందుగా మారవలసింది బాబు నిద్ర కాదు, పక్క గది తలుపు. ఉద్యోగపు అలసట నిజమే, కానీ రోజంతా బిడ్డను చూసే మనిషికి నిద్ర అక్కర్లేదని దాని అర్థం కాదు. రాత్రి తొమ్మిది నుంచి ఒంటిగంట వరకు బాబు బాధ్యత మీవారిదని రాసుకోండి. పిండి ఉంచిన పాలు పట్టడమో, కాకపోతే బాబును మీ దగ్గరికి తెచ్చి, పాలు తాగాక త్రేన్పు తెప్పించి, డైపర్ మార్చి పడుకోబెట్టడమో ఆయన చేయాలి. అప్పటికీ బాబు పడుకున్నప్పుడు మీకు నిద్ర రాకపోయినా, దిగులు రెండు వారాలు దాటినా వైద్యులను కలవండి. మీకు గాని బాబుకు గాని హాని చేసే ఆలోచన వస్తే ఆ రోజే వెళ్లాలి. అలాగే బాబుకు జ్వరం 38 డిగ్రీల సెల్సియస్‌కు చేరినా, పాలు మానేసినా, ఊపిరి తీయడానికి ఇబ్బంది పడుతున్నా తెల్లారేదాకా ఆగవద్దు.

బోర్లా వేయడానికీ ఒక వేళ ఉంది. పగలు, బాబు మెలకువగా ఉన్నప్పుడు, పెద్దవారు ఎదురుగా కూర్చుని రోజుకు రెండు మూడుసార్లు కొద్ది నిమిషాలు అలా ఉంచితే మెడా భుజాలూ బలపడతాయి, తల వెనుక భాగం చదునుకాకుండా ఉంటుంది. ఆ పని మీ అత్తగారికి అప్పగించి, ఆ కాసేపు మీరు వెళ్లి పడుకోండి.