బూట్లు వేసుకొని వెళ్ళు

కర్నూలు,
2023 సెప్టెంబరు 4.

చిరంజీవి మేనల్లుడికి మామ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. ఈ శుక్రవారం, అంటే 8వ తేదీన, నీవు అనంతపురం నుంచి హైదరాబాదు వెళ్ళి గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో డబ్ల్యూడబ్ల్యూఈ అనే అమెరికా కంపెనీవాళ్ళ వినోదపు కుస్తీలు చూడబోతున్నావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోనులో చెప్పింది. "మొదటి జీతం చేతికి రాగానే ఆ దొంగ కుస్తీలకు పోసి వచ్చాడన్నా, నువ్వైనా వాడికి కాస్త బుద్ధి చెప్పు" అని బాధపడింది. చెబుతానన్నాను. అయితే నేను చెప్పబోయేది ఆమె కోరిన బుద్ధి కాదు కనుక, ఈ ఉత్తరాన్ని ఆమెకు చదివి వినిపించవద్దు.

నిజం చెప్పాలంటే నాకు సంతోషమే కలిగింది. 2007లో మన దేశపు వస్తాదు ఖలీ ఆ కుస్తీల్లో ఛాంపియన్ అయిన ఏడాది నీకు ఎనిమిదేళ్ళు. మంచం మీది నుంచి తలదిండు మీదికి దూకి మోచెయ్యి విరగ్గొట్టుకుని, కట్టు కట్టిస్తున్నంత సేపు రెండో చేతిలోని కుస్తీ కార్డులను వదలలేదు నువ్వు. ఆ పిల్లవాడు ఇప్పుడు సొంత సంపాదనతో టికెట్టు కొన్నాడంటే మామకు గర్వంగా ఉండదా? 2017 డిసెంబరులో ఢిల్లీలో ఆడిన తరువాత వాళ్ళు మన దేశానికి రావడం ఇదే. పైగా వాళ్ళలో పేరుమోసిన జాన్ సీనా ఇక్కడ బరిలోకి దిగడం ఇదే మొదటిసారి. చూసి తీరవలసినదే.

మామూలు జాగ్రత్తలు నీకు తెలిసినవే. ఫోనులో ఛార్జింగు ఉంచుకో, ముందుగానే లోపలికి వెళ్ళు, తిరుగు బస్సుకు టికెట్టు ఇప్పుడే తీసుకో.

ఇంట్లో హాయిగా టీవీలో కనిపించేదానికి అంత దూరం ఎందుకని మీ అమ్మ అడుగుతుంది. టీవీలో కెమెరావాడు చూపినదే చూస్తాము, హాలులో కన్ను మన ఇష్టం. ఆ రోజు సీనా, సెత్ రోలిన్స్ ఒక జట్టుగా, చెడ్డవాళ్ళ వేషం కట్టే కైజర్, విన్సీలతో తలపడతారట. జంట కుస్తీలో అసలు రసమంతా తాళ్ళ బయట ఉంటుంది. లోపల ఒకడు చావుదెబ్బలు తింటుంటే, మూలలో నిలబడిన జతగాడు, లోపలివాడి చెయ్యి తగిలితే తాను బరిలోకి రావాలని చెయ్యి చాచి, కాలు నేలకేసి కొడుతూ, మన వైపు తిరిగి అరవమని బతిమాలుతుంటాడు. లోపలివాడు పాకుతూ వస్తాడు, చెయ్యికీ చెయ్యికీ మధ్య జానెడు దూరం మిగులుతుంది, అంతలో ప్రత్యర్థి కాలు పట్టి వెనక్కి లాగుతాడు. నీవు ఆ చాచిన చేతిని చూస్తూ ఉండు. హాలు అరిచినకొద్దీ వాళ్ళు ఆ ఘట్టాన్ని సాగదీస్తారు, హాలు చల్లబడితే తొందరగా తెంచేస్తారు. ఇంట్లో సోఫాలో కూర్చుని ఎంత అరిచినా వాళ్ళ చెవిన పడదు కదా! అక్కడ మాత్రం నీ గొంతు కూడా ఆటలో ఒక భాగమే.

చప్పుడు సంగతి కూడా చెప్పాలి. అరచేత్తో ఛాతీ మీద కొట్టే దెబ్బ చప్పుడు చివరి వరుస దాకా వినిపిస్తుంది. ఛాతీ ఎర్రగా కందిపోవడం కంటికి కనిపిస్తుంది. దానిలో నటన ఏమీ ఉండదు.

ఇక ఈ ఉత్తరం వ్రాయడానికి కారణమైన సంగతికి వస్తాను. దీనిని మీ అత్తకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

1973 వేసవిలో, నాకు పదిహేనేళ్ళ వయసులో, మా ఊరికి ఫ్రీస్టైల్ కుస్తీల బృందం ఒకటి వచ్చింది. దారాసింగ్ 1968లో బొంబాయిలో అమెరికా వస్తాదు లూ థెజ్‌ను ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయిన వేడి ఇంకా చల్లారలేదు కనుక, పోస్టరు మీద ఉన్న ప్రతి వస్తాదూ దారాసింగ్ శిష్యుడే. కొండారెడ్డి బురుజు దగ్గర గోడ మీద ఆ పోస్టరు చూసిన రోజు నుంచి నాకు నిద్ర పట్టలేదు. రేకుల కంచె కట్టిన మైదానంలో, మధ్యన ఎత్తైన బరి, దాని నాలుగు మూలలా ట్యూబులైట్లు, వాటి చుట్టూ ముసురుకున్న పురుగులు. నేల టికెట్టు కొని, జనాన్ని తోసుకుని బరికి దగ్గరగా కూర్చున్నాను.

ఆ రాత్రి చెడ్డవాడి వేషం కట్టినవాడు పెద్ద పొట్ట, గుబురు గడ్డం ఉన్న మనిషి. వస్తూనే మైకు లాక్కుని, ఈ ఊళ్ళో మగవాడనేవాడు లేడా అని అరిచాడు. రెఫరీ అటు తిరగగానే అవతలివాడి కళ్ళలో దుమ్ము కొట్టేవాడు, ఇటు తిరగగానే ఖాళీ చేతులు చూపించి అమాయకంగా నవ్వేవాడు. నా ఒళ్ళు మండిపోయింది. మా నాయన, చెప్పులు రెండేళ్ళు రావాలని మడమకు ఇనుప లాడం కొట్టించి ఇచ్చేవాడు. కుడి కాలి చెప్పు తీసి బలంకొద్దీ విసిరాను. లాడం ఉన్న వైపే వెళ్ళి ఆయన కనుబొమకు తగిలి, చర్మం చీలి, రక్తం కంటిలోకి కారింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఈలలు వేశారు. ఎవరో నా వీపు మీద చరిచి "శభాష్ రా" అన్నారు. ఆ క్షణంలో నాకు నేనే దారాసింగులా అనిపించాను.

ఆయన అరచేత్తో కన్ను తుడుచుకుని, చెయ్యి చూసుకుని, మా వైపు తిరిగి పెద్దగా నవ్వి, ఆ రక్తాన్ని ఛాతీకి పూసుకున్నాడు. వేషం వదలలేదు. కానీ ఆయన మెడ పట్టి నొక్కుతున్న మంచివాడు చెవి దగ్గర నోరు పెట్టి ఏదో అడగడం, ఈయన మెల్లగా తల ఊపడం నాకు కనిపించాయి. కాసేపటికే ఆట ముగించేశారు. నేను నడుచుకుంటూ ఇంటికి వచ్చేసరికి ఒక కాలికి చెప్పు, ఒక కాలికి గంగిగోవు పేడ.

పొద్దున్నే నాయన లేవకముందే, చెప్పు వెతుక్కోవడానికి వట్టి కాళ్ళతో మైదానానికి వెళ్ళాను. బరి విప్పుతున్నారు. ఇనుప గొట్టాలు, వాటి మీద చెక్క పలకలు, ఆ పైన పల్చని కొబ్బరిపీచు చాపలు, టార్పాలిన్, అంతే. పలక మీద చెయ్యి వేసి నొక్కితే బండరాయిలా ఉంది. ఆ పక్కనే ట్రంకు పెట్టె మీద ఆయన కూర్చుని ఉంటే, రాత్రి ఆయన మెడ నులిమినవాడు ఎదురుగా గొంతుక్కూర్చుని, టింక్చరులో ముంచిన దూదితో గాయం అద్దుతూ, మంట పుట్టకుండా ఊదుతున్నాడు. ఇద్దరి పక్కనా రెండు టీ గ్లాసులు ఉన్నాయి. నా చెప్పు ట్రంకు పెట్టె కింద ఉంది. ఆయన నన్ను చూసి, దానిని తీసి పట్టుకుని "నీదా?" అన్నాడు. రాత్రి మైకులో విన్న గొంతు కాదది, మెత్తగా ఉంది. నేను "కాదు" అన్నాను. ఆయన నా వట్టి కాళ్ళ వైపు చూశాడు. ఏమీ అనకుండా, చెప్పును నాకు అందేంత దూరంలో నేల మీద పెట్టి, ముఖం అటు తిప్పుకున్నాడు. తీసుకొమ్మనే తిప్పుకున్నాడని నాకు తెలుసు. అయినా తీసుకోలేక పరుగెత్తి వచ్చేశాను. కుక్క ఎత్తుకుపోయిందని చెప్పి నాయన చేత తన్నులు తిన్నాను. ఆయన అసలు పేరు కూడా నాకు తెలియదు.

అవును, ఎవరు గెలవాలో ముందే అనుకుంటారు. ఈ డబ్ల్యూడబ్ల్యూఈని నడిపిన విన్స్ మెక్‌మాన్ కంపెనీ 1989లోనే అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్ర సెనేట్ ముందు ఇది వినోదమేనని ఒప్పుకుంది. కానీ గెలుపు ముందే నిర్ణయించినంత మాత్రాన నేల మెత్తబడదు. ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ బరి కూడా ఇనుప దూలాలు, చెక్క పలకలు, పల్చని ఫోము, కాన్వాసు గుడ్డే. 1999 మే 23న అమెరికాలోని కాన్సాస్ సిటీలో ఆ కంపెనీ వస్తాదు ఓవెన్ హార్ట్ పైకప్పు దగ్గరి నుంచి తాడు మీద దిగబోయి బరిలో పడి చనిపోయాడు. ఇంట్లో టీవీ ముందు ఉన్నవారికి ఆ పడడాన్ని చూపించలేదు. హాలులో ఉన్నవారు కళ్ళారా చూశారు, వారిలో కొందరు అది కూడా ఆటలో భాగమే అనుకున్నారు. అది చదివిన రాత్రి నాకు ఆ కనుబొమ, ఆ రక్తం మళ్ళీ కళ్ళ ముందు కదిలాయి.

అందుకే అల్లుడూ, కైజర్, విన్సీలు రాగానే నీ గొంతు చించుకుని తిట్టు. వాళ్ళు అంత దూరం వచ్చేది ఆ తిట్ల కోసమే, తిట్టకపోతే వాళ్ళ కష్టం వృథా. కానీ చేతిలో నీళ్ళ సీసా కూడా ఉంచుకోకు. నీ స్నేహితులు ఏదైనా విసరబోతే చెయ్యి పట్టుకో. నీవు నెమ్మదస్తుడివని నాకు తెలుసు. నేనూ నెమ్మదస్తుడినే, ఆ రాత్రి పది నిమిషాలు తప్ప. చెప్పులు వేసుకొని వెళ్ళవద్దు. లేసులు రెండు ముళ్ళు వేసి కట్టే బూట్లు వేసుకో.

నీ బస్సు మా కర్నూలు మీదుగానే పోతుంది. శనివారం పొద్దున్న ఇక్కడ దిగు. అత్త ఉగ్గాని, బజ్జీ చేసి పెడతానంటోంది. నీ గొంతు పోయి ఉంటుందని మిరియాల పాలు కూడా కాచి ఉంచమన్నాను. ఆ చాచిన చెయ్యి చివరికి ఎంత సేపటికి అందిందో నాకు చెప్పాలి. గొంతు పోకుండా వచ్చావంటే మాత్రం, డబ్బు దండగ చేశావని మీ అమ్మ అన్నమాట నిజమేనని ఆమెకు ఫోను చేసి చెబుతాను.

ఇట్లు,
మీ మామ