పాఠకుల ప్రశ్నలు: చిట్టా చించేస్తే ఆవర్జా మొత్తం మోయాలి

ప్రశ్న: మా హెడ్ ఆఫీసు హైదరాబాద్‌లో, బ్రాంచి శ్రీకాకుళంలో. రెండు చోట్లా ఓపెన్‌ఎల్‌డాప్ (అందరి వివరాలూ ఒకచోట దాచే డైరెక్టరీ) సర్వర్లు ఉన్నాయి. ఉద్యోగుల లాగిన్లు, ఫోన్ నంబర్లు, ఫొటోలు అన్నీ వాటిలోనే, సుమారు 30,000 ఎంట్రీలు. ఫొటో ఒక్కోటి 50 కేబీ దాకా ఉంటుంది. హైదరాబాద్‌లో ఏది మార్చినా క్షణంలో శ్రీకాకుళంలో కనిపించేది. పోయిన నెల బ్రాంచి సర్వర్ బోర్డు కాలిపోయి పది రోజులు ఆగింది. బోర్డు మార్చి ఆన్ చేస్తే మా 2 ఎంబీపీఎస్ లైన్ మధ్యాహ్నం దాకా నిండిపోయి ఎవరికీ పని జరగలేదు. డెల్టా సింక్ తప్పింది, రిఫ్రెష్‌కి మారుతున్నాం అని లాగ్‌లో ఉంది. ఆ పది రోజుల్లో మేం కొత్తగా చేర్చింది ఇరవై మందినే. రోజూ రాత్రి హెచ్‌ఆర్ ప్రోగ్రామ్ అందరి సెలవుల బ్యాలెన్స్ రాస్తుంది, అది మామూలే. మరి ఇంత డేటా ఎక్కడిది? అంతకుముందు డిస్కు నిండుతోందని, మార్పులన్నీ నమోదయ్యే యాక్సెస్‌లాగ్‌ను రెండు రోజులకు తగ్గించాను. దానికీ దీనికీ సంబంధం ఉందా?

జవాబు: ఉంది. గొడవంతా అక్కడే మొదలైంది.

పాత కొట్లలో రెండు పుస్తకాలు ఉండేవి. జరిగింది జరిగినట్టు వరసగా రాసుకునేది చిట్టా, ఎవరి ఖాతా ఎంతకొచ్చిందో పేరుపేరునా చూపేది ఆవర్జా. మీ డైరెక్టరీ ఆవర్జా అయితే యాక్సెస్‌లాగ్ చిట్టా. శ్రీకాకుళం సర్వర్ తాను ఎంతవరకు చూసిందో ఒక గుర్తు పెట్టుకుంటుంది, దాన్ని సీఎస్ఎన్ అంటారు. మార్పు జరిగిన సమయం, ఒక వరస సంఖ్య, ఏ సర్వర్‌లో జరిగిందో ఆ సర్వర్ నంబరు అందులో ఉంటాయి. లైన్ కలవగానే అది హైదరాబాద్‌కి ఆ గుర్తు చూపించి తర్వాతివి ఇమ్మంటుంది, హైదరాబాద్ చిట్టాలో ఆ పంక్తి కిందనుంచి చదివి వినిపిస్తుంది. ఫలానా వాళ్ల సెలవులు 12 నుంచి 11 అయ్యాయి అంటే ఆ ఒక్క మాటే వెళుతుంది, ఫొటో కదలదు. డెల్టా సింక్ అంటే ఇదే.

మీ చిట్టాలో రెండు రోజులే మిగిలాయి, బ్రాంచి అడిగింది పది రోజుల కిందటి పంక్తి. అది లేదు కాబట్టి సర్వర్ మామూలు సింక్‌రెపల్‌కి దిగింది, లాగ్‌లో రిఫ్రెష్ అన్నది దీన్నే. ఇది 2006లో ఆర్ఎఫ్‌సీ 4533 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా వచ్చిన పద్ధతి. దీనికి చిట్టాతో పనిలేదు. గుర్తు తర్వాత ముట్టుకున్న ప్రతి ఎంట్రీనీ మొత్తంగా పంపుతుంది, తీసేసిన వాళ్ల లెక్క తన దగ్గర ఉండదు కాబట్టి ఇప్పుడు ఉన్నవాళ్ల జాబితా చెప్పి అందులో లేనివాళ్లను మీరే కొట్టేసుకోండి అంటుంది. ఇక మీ హెచ్‌ఆర్ ప్రోగ్రామ్ రోజూ రాత్రి 30,000 ఎంట్రీలనూ ముట్టుకుంటోంది, అంటే మారనివాళ్లు ఒక్కరూ లేరు. 30,000 ఫొటోలు, ఒక్కోటి 50 కేబీ, మొత్తం ఒకటిన్నర జీబీ. 2 ఎంబీపీఎస్ లైన్ మీద వేరే ఏ పనీ లేకపోయినా గంటా నలభై నిమిషాలు, మీ వాళ్లంతా అదే లైన్ వాడుతుంటే మధ్యాహ్నం అవడంలో వింతేమీ లేదు. ఓపెన్‌ఎల్‌డాప్ గైడ్‌లోనే ఇలాంటి లెక్క ఉంది: ఒక్కోటి 1 కేబీ చొప్పున 1,02,400 ఎంట్రీల్లో రెండేసి బైట్లు మారిస్తే 200 కేబీ మార్పు కోసం 100 ఎంబీ కదులుతుంది. డెల్టా పద్ధతి పుట్టిందే అందుకు.

అలాగని రిఫ్రెష్‌ని తిట్టకండి, మిమ్మల్ని కాపాడింది అదే. వెనకటి రోజుల్లో స్లర్‌ప్‌డీ అని ఒక ప్రోగ్రామ్ ఉండేది, మార్పులను ఫైల్లో రాసుకుని తనే అవతలి సర్వర్‌కి తోసేది. అవతలిది చాలాకాలం పడుకుంటే ఆ ఫైలు మోయలేనంత పెరిగేది, వరస తప్పితే మనిషే కూర్చుని సరిచేయాలి. 2.4 వెర్షన్‌లో దాన్ని తీసేశారు. ఒక రాత్రంతా అలా సరిచేసిన వాణ్ణి కాబట్టి చెబుతున్నాను, లైన్ నిండినా డేటా సరిగా రావడం చాలా పెద్ద సంగతి.

ఇప్పుడు చేయాల్సింది. చిట్టా ఎన్నాళ్లు ఉంచాలో డిస్కును చూసి తేల్చకండి, మీ బ్రాంచి ఎన్నాళ్లు కనబడకుండా పోవచ్చో చూసి తేల్చండి. బోర్డుకే పది రోజులు పట్టింది, మధ్యలో సంక్రాంతి సెలవులొస్తే ఇంకెన్ని పట్టేవో. నేనైతే యాక్సెస్‌లాగ్ సెట్టింగుల్లో లాగ్‌పర్జ్ 30+00:00 01+00:00 అని పెడతాను, అంటే రోజుకోసారి చూసి 30 రోజులు దాటినవి తీసేస్తుంది. ఒక్కో రికార్డు 2 కేబీ అనుకున్నా నెలకు 9 లక్షల రికార్డులు, 2 జీబీ లోపే. ఇంకొకటి, మీరు కుదించినా డిస్కు మీద ఫైలు సైజు తగ్గి ఉండదు. ఓపెన్‌ఎల్‌డాప్ డేటా దాచుకునే ఎల్ఎండీబీ డేటాబేస్ ఖాళీ అయిన పేజీలను మళ్లీ వాడుకుంటుందే గానీ ఫైలును చిన్నది చేయదు. మీరు పడ్డ టెన్షన్‌కి దక్కింది ఏమీ లేదు.

దీనికన్నా ముఖ్యం ఆ హెచ్‌ఆర్ ప్రోగ్రామ్. ఉన్న విలువనే మళ్లీ రాసినా సర్వర్ దాన్ని మార్పుగానే లెక్కేస్తుంది, కొత్త సీఎస్ఎన్ వేస్తుంది. ముందు చదివి, తేడా ఉన్నవాళ్లకే రాయమని ఆ ప్రోగ్రామ్ రాసినవాళ్లను పట్టుబట్టి అడగండి. రోజుకు నిజంగా సెలవు పెట్టేది ఎంతమంది? చిట్టా బరువు అక్కడే దిగిపోతుంది.

మళ్లీ ఎప్పుడైనా చాలా రోజులు ఆగితే లైన్ మీద ఆధారపడకండి. హైదరాబాద్‌లో స్లాప్‌క్యాట్‌తో మొత్తం తీసి, డిస్కులో వేసి మనిషితో పంపి, బ్రాంచిలో సర్వర్ ఆపి పాత డేటాబేస్ ఖాళీ చేసి స్లాప్‌యాడ్‌తో ఎక్కించండి. సీఎస్ఎన్ గుర్తు ఆ ఫైల్లోనే వస్తుంది కాబట్టి సర్వర్ లేవగానే అక్కణ్ణుంచి అడుగుతుంది, డిస్కు ప్రయాణం చేసిన రెండు రోజుల మార్పులు మాత్రం చిట్టాలో ఉండాలి. ఆ డిస్కులో అందరి పాస్‌వర్డ్ హ్యాష్‌లు ఉంటాయి, ఎన్‌క్రిప్ట్ చేయకుండా బస్సు ఎక్కించవద్దు.

ప్రశ్న: మా దగ్గర రెండు ఓపెన్‌ఎల్‌డాప్ సర్వర్లలోనూ రాసే వీలుంది, మామూలు సింక్‌రెపల్. ఒకరు ఇక్కడ ఫోన్ నంబరు మార్చారు, అదే నిమిషంలో ఇంకొకరు అక్కడ అడ్రస్ మార్చారు. కాసేపటికి పాత ఫోన్ నంబరే వచ్చి కూర్చుంది. ఎందుకు?

జవాబు: మామూలు సింక్‌రెపల్ ఎంట్రీని ముక్కలుగా చూడదు. రెండు ఎంట్రీల్లో ఎవరి సీఎస్ఎన్ కొత్తదైతే ఆ ఎంట్రీ మొత్తంగా నిలుస్తుంది. అడ్రస్ మార్చిన ఎంట్రీలో పాత ఫోన్ నంబరే ఉంది కాబట్టి అదీ దాంతోపాటే వచ్చింది. రాతలన్నీ ఒకే సర్వర్‌కి పంపండి, రెండోదాన్ని మొదటిది పడిపోయినప్పుడే రాతకు వాడండి. రెండింటిలో గడియారాలు ఎన్‌టీపీతో, అంటే నెట్‌వర్క్ మీద సమయం సరిచేసే పద్ధతితో, కలిసి ఉన్నాయో లేదో ఈ రోజే చూడండి, ఒకటి అయిదు నిమిషాలు ముందుంటే పాత మార్పు కూడా కొత్తదిగా గెలుస్తుంది. సర్వర్ నంబర్లు రెండింటికీ వేరువేరుగా ఉన్నాయో లేదో కూడా అప్పుడే చూసేయండి.