న్యాయ సలహా: పెళ్లికి ముందు చెప్పకపోతే మోసమవుతుందా?

ప్రశ్న: నా వయసు 29. మాది కడప జిల్లా. కువైట్‌లో డ్రైవరుగా పనిచేస్తూ సెలవు మీద వచ్చాను. నాకు ఆడవాళ్లంటే ఇష్టమే, మగవాళ్ల మీద కూడా ఆకర్షణ ఉంది. వచ్చే నెల గుడిలో హిందూ సంప్రదాయం ప్రకారం నా పెళ్లి. అమ్మాయి నాకు నిజంగానే నచ్చింది. కువైట్‌లో నా గదిలో ఉండి ఇప్పుడు ఇండియాకు తిరిగొచ్చేసిన ఒకతను, మా చాటింగులు, ఫొటోలు అమ్మాయివాళ్లకు పంపుతానని 2 లక్షలు అడుగుతున్నాడు. 50 వేలు ఇచ్చాను. నా మీద కేసు అవుతుందా? ఆమెకు చెప్పకపోతే పెళ్లి చెల్లదా? అమెరికా లాంటి దేశానికి వెళితే ఈ బాధ ఉండదా?

జవాబు: మన దేశంలో మీ మీద కేసు కాదు. ఇష్టపడిన వయోజనుల మధ్య ఏకాంతంలో జరిగే సంబంధానికి, ‘ప్రకృతి విరుద్ధ’ సంభోగాన్ని నేరంగా చూసిన ఐపీసీ 377 వర్తించదని నవ్‌తేజ్ సింగ్ జోహార్ కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పింది. ఐపీసీ స్థానంలో 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు. కువైట్ సంగతి వేరు. అక్కడి శిక్షాస్మృతి 193వ అధికరణం ప్రకారం 21 ఏళ్లు దాటిన మగవాళ్లు పరస్పర సమ్మతితో కలిసినా 7 ఏళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. కాబట్టి బెదిరింపుల మీద ఫిర్యాదు ఏదైనా ఇక్కడే ఇవ్వండి, అక్కడి పోలీసు స్టేషనుకు వెళ్లకండి.

ఇక అతను చేస్తున్నది మాత్రం స్పష్టంగా నేరం. భయపెట్టి డబ్బు గుంజితే న్యాయ సంహిత 308(2) కింద 7 ఏళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ‘హాని’ అనే మాటకు ప్రతిష్ఠకు కలిగే నష్టం కూడా వస్తుందని సంహితే నిర్వచించింది గనుక, పరువు తీస్తాననే బెదిరింపు చాలు. లైంగిక దృశ్యాలను ఎవరికైనా ఫోన్‌లో పంపితే ఐటీ చట్టం 67ఎ కింద మొదటిసారికే 5 ఏళ్ల వరకు జైలు, 10 లక్షల వరకు జరిమానా ఉన్నాయి. ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. 377 కేసు పెట్టిస్తానని బెదిరించి డబ్బు గుంజితే యావజ్జీవం దాకా శిక్ష వేయవచ్చని 1860 నాటి ఐపీసీలోనే 388, 389 సెక్షన్లలో ప్రత్యేకంగా రాసి ఉండేది. అంటే, ఇలాంటి సిగ్గు చుట్టూ బ్లాక్‌మెయిల్ పుడుతుందని ఆ చట్టం రాసినవాళ్లకే తెలుసు. చట్టం పోయినా సిగ్గు పోలేదు, అతను దాన్నే సొమ్ము చేసుకుంటున్నాడు. ఇకపై ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఇచ్చినవాడిని మళ్లీ అడుగుతారే తప్ప వదిలిపెట్టరు. మెసేజీలు చెరపకుండా, డబ్బు పంపిన రసీదులతో సహా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేసి, దగ్గరి స్టేషనులో ఫిర్యాదు ఇవ్వండి. నేరం ఎక్కడ జరిగిందనే కారణంతో ఎఫ్‌ఐఆర్ నిరాకరించే వీలు, క్రిమినల్ కేసుల పద్ధతి చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173లో లేదు.

పెళ్లి విషయానికి వస్తే, నా సమాధానం మీకు అంత నచ్చకపోవచ్చు. చెప్పకుండా చేసుకున్న పెళ్లి దానంతటదే చెల్లకుండా పోదు. అయితే వరుడికి సంబంధించిన ముఖ్యమైన వాస్తవాన్ని దాచి సమ్మతి పొందారని హిందూ వివాహ చట్టం 12(1)(సి) కింద, మోసం బయటపడిన ఏడాదిలోపు ఆమె పెళ్లి రద్దు కోరవచ్చు. తెలిసిన తర్వాత కూడా ఇష్టపూర్వకంగా కాపురం చేస్తే ఆ అవకాశం పోతుంది. ఇలాంటి పిటిషన్లలో సాధారణంగా భర్త కాపురానికి పనికిరాడని, అంటే 12(1)(ఎ) కింద నపుంసకత్వం ఉందని కూడా కలిపి రాస్తారు. మగవాళ్ల మీద ఆకర్షణ ఉన్నవాడికి భార్య మీద ప్రేమ ఉండదనే నమ్మకం ఆ రాతలో కనిపిస్తుంది. మీ విషయంలో ఆ వాదన నిలవదు, కానీ దాచారన్న వాదన నిలిచే అవకాశం ఉంది. పైగా పెళ్లి తర్వాత భార్య కాని ఎవరితో ఇష్టపూర్వకంగా లైంగిక సంబంధం పెట్టుకున్నా 13(1)(i) కింద విడాకులకు కారణమే. 13(2)(ii)లో భర్త సొడొమీకి (గుద సంభోగానికి) పాల్పడితే భార్య విడాకులు కోరవచ్చన్న పాత మాట నేటికీ అలాగే ఉంది.

అందుచేత ముహూర్తానికి ముందే ఆ అమ్మాయికి, ఆమెకు మాత్రమే, మీరు స్వయంగా చెప్పండి. పెద్దమనుషుల పంచాయితీలో చెప్పవలసిన పని లేదు, మీ గోప్యత రాజ్యాంగం ఇచ్చిన హక్కని 2017 ఆగస్టు 24 నాటి సుప్రీంకోర్టు పుట్టస్వామి తీర్పు ఉంది. ఆమె వద్దంటే నిశ్చితార్థం ఆగుతుంది, పుచ్చుకున్నవి తిరిగి ఇచ్చేయండి. పెళ్లయ్యాక ఇదే సంగతి బయటపడితే కట్నం కేసు, వేధింపుల కేసు కూడా తోడవడం మన కోర్టుల్లో నిత్యం చూసేదే.

అమెరికా గురించి అడిగారు. అక్కడ 2015 జూన్ 26 నుంచి స్వలింగ వివాహానికి దేశమంతటా గుర్తింపు ఉంది, మన సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 17న అలాంటి గుర్తింపు ఇవ్వడానికి నిరాకరించింది. ఈ తేడా నిజమే. అయినా 2013లో అక్కడి ప్యూ పరిశోధన సంస్థ జరిపిన సర్వేలో, తమ జీవితంలో ముఖ్యమైనవాళ్లలో అందరికీ లేదా చాలామందికి తమ ఆకర్షణ సంగతి తెలుసని చెప్పిన బైసెక్సువల్ (మీలాగే ఆడ, మగ ఇద్దరి మీదా ఆకర్షణ ఉన్న) మగవాళ్లు 12 శాతమే. గే మగవాళ్లలో, అంటే మగవాళ్ల మీదే ఆకర్షణ ఉన్నవాళ్లలో, అది 77 శాతం. అక్కడ ఇటువంటి మగవాడిని ‘తాను గే అని ఒప్పుకోలేక ఇలా చెబుతున్నాడు’ అని గేలూ, మిగతావాళ్లూ కూడా అనుమానిస్తారు. మన ఊళ్లలో ఇద్దరు మగవాళ్లు చెయ్యీ చెయ్యీ పట్టుకుని బజారులో నడిచినా ఎవరూ పట్టించుకోరు. పెళ్లి, పిల్లలు ఉంటే ఇంకేమీ అడగరు. నోరు తెరిచి చెబితే మాత్రం సహించరు. దేశాన్ని బట్టి శిక్ష మారుతుంది, నింద రూపం మారుతుంది. పెళ్లి చేసుకునే మనిషికి చెప్పవలసిన బాధ్యత ఏ దేశానికి వెళ్లినా తగ్గదు.

ఎవరైనా దీన్ని ‘నయం చేస్తామని’ చెబితే నమ్మకండి, అటువంటి చికిత్సను జాతీయ వైద్య కమిషన్ 2022లోనే వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. తిరిగి కువైట్ వెళ్లేటప్పుడు బెదిరింపు సందేశాలున్న ఫోనును వెంట తీసుకెళ్లకుండా, ఫార్మాట్ చేయకుండా, పోలీసులకు అప్పగించి రసీదు తీసుకోండి. వాళ్లు తీసుకోకపోతే మీ వకీలు దగ్గర భద్రపరచండి. ఎలక్ట్రానిక్ ఆధారం నకలును కోర్టులో పెట్టాలంటే, పాత సాక్ష్య చట్టం స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63 ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి, అది రాసేటప్పుడు అసలు ఫోను చేతిలో ఉండటం అవసరం.