డ్రైవర్ అప్‌డేట్ తర్వాత స్క్రీన్ నల్లబడితే కార్డు పోయినట్టు కాదు

"గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ చేసి రీస్టార్ట్ చేశాను. అప్పటినుంచి స్క్రీన్ మీద ఏమీ రావడం లేదు, ఫ్యాన్లు మాత్రం తిరుగుతున్నాయి. కార్డు కాలిపోయిందా, కొత్తది కొనాలా?" అని అడిగారు. (కార్డు అంటే స్క్రీన్‌కి బొమ్మ పంపే గ్రాఫిక్స్ కార్డు, డ్రైవర్ అంటే దాన్ని విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్.) కొనకండి. కనీసం ఈ రోజు కొనకండి. ఇదే భయంతో నేను ఒక రాత్రంతా కూర్చున్నాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఆ రోజు రాత్రి పదకొండు దాటింది. తెల్లారి తొమ్మిదింటికల్లా పంపాల్సిన వీడియో ఎడిటింగ్ పని సగంలో ఉంది. స్క్రీన్ మూలన కొత్త డ్రైవర్ వచ్చిందని కనబడితే, ఎక్స్‌పోర్ట్ కాస్త వేగంగా అవుతుందన్న ఆశతో నొక్కాను. పాతదేదీ మిగలకుండా ఉంటుందని 'క్లీన్ ఇన్‌స్టాల్' దగ్గర టిక్ కూడా పెట్టాను. డ్రైవర్ ఎక్కేటప్పుడు స్క్రీన్ ఒకటి రెండుసార్లు ఆరి వెలగడం మామూలే. ఈసారి ఆరింది, మళ్ళీ వెలగలేదు. పావుగంట చూశాను. క్యాప్స్ లాక్ నొక్కితే కీబోర్డు మీద చిన్న లైటు వెలుగుతోంది, మళ్ళీ నొక్కితే ఆరుతోంది. లోపల సిస్టమ్ నడుస్తూనే ఉందని, బొమ్మ మాత్రమే బయటికి రావడం లేదని చెప్పే గుర్తు అది. అప్పటికి నాకా సంగతి తెలియదు.

తెలిసిన టెక్నీషియన్‌కి ఫోన్ చేస్తే, చూడకుండానే "కార్డు పోయింది సార్, మార్చాల్సిందే" అన్నాడు. ఇంకొకాయన "ఫార్మాట్ కొట్టేయండి, గొడవ వదిలిపోతుంది" అన్నాడు. ఈ ఫార్మాట్ సలహా వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ప్రింటర్ పనిచేయకపోయినా ఫార్మాటే, సౌండ్ రాకపోయినా ఫార్మాటే. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడం ఇదే. నెలల తరబడి సర్దుకున్న సాఫ్ట్‌వేర్లు, సెట్టింగులు అన్నీ పోతాయి. తీరా చూస్తే చెడింది ఒక్క డ్రైవర్.

చివరికి మా బాబాయి కొడుకుని నిద్ర లేపాను. వాడు అడిగింది ఒక్కటే ప్రశ్న.

"అన్నయ్యా, ఆన్ చేయగానే మదర్‌బోర్డు లోగో వస్తోందా?"

"వస్తోందిరా. చుక్కలు కూడా తిరుగుతున్నాయి. ఆ తర్వాతే నల్లగా అయిపోతోంది."

"అయితే కార్డుకేమీ కాలేదు. ఆ స్క్రూడ్రైవర్ పక్కన పెట్టెయ్."

వాడు చెప్పిన కారణం చాలా సూటిగా ఉంది. లోగో వచ్చేసరికి విండోస్ ఇంకా మొదలే కాదు, మనం ఎక్కించిన డ్రైవర్ అసలు రంగంలోకి రాదు. అప్పుడు బొమ్మ కనబడిందంటే కార్డు, కేబుల్, మానిటర్ మూడూ పనిచేస్తున్నట్టే. కేబుల్ మాత్రం మదర్‌బోర్డు పోర్టుకి కాకుండా కార్డుకే పెట్టి ఉండాలి సుమా, లేకపోతే ఈ పరీక్షకు అర్థం లేదు. లోగో కూడా రాకపోతే సంగతి వేరు. అప్పుడు కేబుల్, మానిటర్‌లో ఎంచుకున్న ఇన్‌పుట్, కార్డుకి వెళ్ళే పవర్ వైరు చూసుకోవాలి.

ముందు విండోస్, కంట్రోల్, షిఫ్ట్ మూడూ పట్టుకుని బి నొక్కించాడు. అది గ్రాఫిక్స్ డ్రైవర్‌ను అక్కడికక్కడే మళ్ళీ మొదలుపెడుతుంది. చిన్నగా బీప్ వినబడింది గానీ స్క్రీన్ రాలేదు. ఇక మిగిలింది సేఫ్ మోడ్, అంటే తప్పనిసరి వాటితో మాత్రమే విండోస్‌ను తెరిచే పద్ధతి. దీనికి ఎఫ్8 నొక్కమని ఇప్పటికీ చెప్పేవాళ్ళున్నారు. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి, మనం ప్రత్యేకంగా ఆన్ చేసుకుంటే తప్ప, అది పనిచేయదు. చుక్కలు తిరగడం మొదలవగానే పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేయాలి. అలా రెండు మూడుసార్లు చేస్తే రిపేర్ స్క్రీన్ దానంతట అదే వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్. తర్వాత వచ్చే జాబితాలో 4 నొక్కాలి.

నాకు మధ్యలో ఇంకో అడ్డంకి ఎదురైంది. డిస్క్‌లోని సమాచారానికి తాళం వేసే విండోస్ సదుపాయం బిట్‌లాకర్, దాని రికవరీ కీ అడిగింది, 48 అంకెలు. నేనెప్పుడూ దాన్ని ఆన్ చేసిన గుర్తు లేదు, కొత్త కంప్యూటర్లలో మనం అడగకుండానే ఆన్ అయి ఉండొచ్చు. అదృష్టం బాగుండి కీ నా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దొరికింది. ఫోన్‌లో చూస్తూ ఆరేసి అంకెల చొప్పున కొడుతుంటే చేతులు వణికాయి.

కాసేపటికి నల్లటి తెర మీద నాలుగు మూలలా 'సేఫ్ మోడ్' అన్న అక్షరాలు, మధ్యలో ఐకాన్లు లావుగా, మసకగా కనబడ్డాయి. ప్రాణం లేచొచ్చింది. ఈ మోడ్‌లో విండోస్ మన డ్రైవర్‌ను ముట్టుకోకుండా, తన దగ్గరుండే మామూలు డిస్‌ప్లే డ్రైవర్‌తో నెట్టుకొస్తుంది.

డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద కార్డు పేరు మీద డబుల్ క్లిక్ చేసి, డ్రైవర్ ట్యాబ్‌లో పాత డ్రైవర్‌కు వెనక్కి తీసుకెళ్ళే 'రోల్ బ్యాక్' నొక్కితే మామూలుగా అక్కడితో అయిపోవాలి. నాకా బటన్ నొక్కడానికి వీల్లేకుండా బూడిద రంగులో ఉంది. క్లీన్ ఇన్‌స్టాల్ టిక్కు పాత డ్రైవర్‌ను తుడిచేసింది మరి. అందుకే ఆ టిక్ ఊరికే పెట్టొద్దని అందరికీ చెబుతుంటాను. అన్‌ఇన్‌స్టాల్ నొక్కి, డ్రైవర్ ఫైళ్ళు కూడా తీసేయమనే గడిలో టిక్ పెట్టాను. నెట్ వైరు పీకేశాకే రీస్టార్ట్ చేశాను, లేకపోతే విండోస్ తనంతట తానే మళ్ళీ ఏదో ఒక డ్రైవర్ దించుకుంటుంది. మామూలుగానే తెరుచుకుంది. పాత వెర్షన్‌ను ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసి, కేబుల్‌తో ఎక్కించి ఇన్‌స్టాల్ చేసేసరికి మూడున్నర. వీడియో టైముకే పంపాను.

ఇప్పుడు నేను డ్రైవర్ జోలికి వెళ్ళేది రెండే సందర్భాల్లో: భద్రతా లోపం సరిచేశారని తెలిసినప్పుడు, వాడే సాఫ్ట్‌వేర్ కొత్త డ్రైవర్ కావాలని అడిగినప్పుడు. అదీ చేతిలో అర్జెంటు పని లేని రోజునే. బాగా నడుస్తున్న డ్రైవర్ తాలూకు ఇన్‌స్టాలర్ ఎప్పుడూ పెన్‌డ్రైవ్‌లో ఉంటుంది.

లోగో వస్తోందో లేదో మీ ప్రశ్నలో రాయలేదు. అది చూసి చెప్పండి. వస్తుంటే మాత్రం ముందు ఫోన్‌లో మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి, బిట్‌లాకర్ కీ తాలూకు ఆ 48 అంకెలు ఉంటే కాగితం మీద రాసుకున్నాకే పవర్ బటన్ దగ్గరికి వెళ్ళండి.